త్రీనాట్‌త్రీ మీద కిరీటం: పాత సైనిక రైఫిళ్ల ముద్రల్లో అసలేది, నకిలీ ఏది?

అమ్మకానికి వచ్చిన ఒక పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను, అంటే మన త్రీనాట్‌త్రీని, ఊహించుకోండి. తూటాను లోపలికి తోసి మూసే బోల్ట్ పిడికి కింద, భుజానికి ఆనించే చెక్క బట్ వచ్చి దూరే ఇనుప సాకెట్ మీద, కుడివైపున ముద్రలు వరసగా ఉన్నాయి. పైన కిరీటం, దాని కింద వి.ఆర్., ఆ కింద ఎన్‌ఫీల్డ్, 1917, ఎస్‌హెచ్‌టి. ఎల్.ఇ., చివర రోమన్ అంకెల్లో మూడు. చూడ్డానికి ఏ లోటూ లేదు. అయినా ఆ తుపాకి ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ నుంచి రాలేదని చెప్పడానికి భూతద్దం కూడా అక్కర్లేదు. వి.ఆర్. విక్టోరియా రాణి గుర్తు. ఆమె 1901 జనవరి 22న కన్నుమూసింది. ఎస్‌హెచ్‌టి. ఎల్.ఇ. అని రాసే ఈ పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్‌కు సైన్యం ఆమోదం దొరికిందే 1902 చివర్లో. అందులో మార్క్ 3 వచ్చింది 1907లో. 1917లో గద్దె మీద ఉన్నది ఐదో జార్జి కాబట్టి అక్కడ ఉండాల్సింది జి.ఆర్. అంటే ఏ సంవత్సరంలో తయారైనా సరే, పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ మీద వి.ఆర్. కనిపించే అవకాశమే లేదు.

ఇలాంటివి పాకిస్తాన్‌లో పెషావర్ నుంచి కోహాట్ వెళ్లే దారిలో ఉన్న దర్రా ఆదం ఖేల్ పనివాళ్ల చేతి నుంచి వచ్చాయి. పాత తుపాకులు సేకరించేవాళ్లు వీటిని ఖైబర్ పాస్ కాపీలు అంటారు. 19వ శతాబ్దంలో అక్కడి అఫ్రీదీ కమ్మరులకు నమూనాగా దొరికింది మార్టినీ-హెన్రీ రైఫిల్. దాని మీద న్యాయంగానే వి.ఆర్. ఉండేది. తర్వాత లీ-ఎన్‌ఫీల్డ్ చేతికొచ్చినప్పుడు పాత అలవాటు ప్రకారం ఆ అక్షరాలే దీని మీదికీ ఎక్కాయి. ఇంగ్లీషు చదవడం రానివాళ్లకు కిరీటమైనా, ఎన్‌ఫీల్డ్ అన్న పేరైనా ట్రిగ్గర్ గార్డ్ వంపులాంటిదే, ఆకారంలో ఒక భాగం. అందుకే ఎన్ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, స్పెల్లింగులో ఒక అక్షరం ఎగిరిపోతుంది, కిరీటం పువ్వులా తయారవుతుంది. ఆ పనివాడికి ఎవరినీ మోసం చేయాలన్న ఉద్దేశం ఉండనక్కర్లేదు. పేలే తుపాకి చేశాడు, దానికి తుపాకి మొహం పెట్టాడు, అంతే.

మోసం తర్వాత మొదలైంది. 2001 తర్వాత అఫ్ఘానిస్తాన్ వెళ్లిన అమెరికన్ సైనికులకు అక్కడి బజార్లలో పాత తుపాకులు కనిపించాయి. అమెరికా చట్టం ప్రకారం 1898 వరకు తయారైన తుపాకి పురావస్తువు కింద లెక్క, ఇంటికి తీసుకెళ్లడం తేలిక. దాంతో 1898 లేదా అంతకు ముందటి ఏదో ఒక సంవత్సరం ఉన్న తుపాకికి గిరాకీ పెరిగింది. గిరాకీ ఉన్న సంవత్సరాన్ని పంచ్‌తో కొట్టడానికి ఎంతసేపు పడుతుంది? అక్కడి నుంచి ముద్ర అంటే ధర.

అందుకే ముద్రను చూసి అసలా, నకిలీనా అని సూటిగా అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. దేనిగా చూస్తే అసలు? దర్రాలో 1920ల నాడు చేసిన కాపీ, దర్రా తుపాకిగా అసలైనదే. ఎన్‌ఫీల్డ్ తుపాకిగా నకిలీది. యుద్ధం తర్వాత మరమ్మతు కేంద్రంలో నంబరు మార్చిన బోల్ట్, మరమ్మతు అయిన బోల్ట్‌గా నిజం. ఫ్యాక్టరీ నుంచి అదే జతగా వచ్చిందని చెబితే అబద్ధం. అబద్ధం చాలాసార్లు ఇనుము మీద ఉండదు, అమ్మేవాడి మాటలో ఉంటుంది. పరీక్ష చేసేవాళ్లు ముందు ఆ మాటేమిటో తేల్చుకోవాలి.

ముద్రలు ఎందుకు పడతాయి

పాత సైనిక రైఫిల్ మీద అన్ని గుర్తులు ఉండటం అలంకారం కోసం కాదు. ఒక్కో ముద్రా ఎవరో ఒకరు ఏదో ఒక పని పూర్తి చేశామని వేసిన సంతకం. బ్రిటిష్ పద్ధతిలో చిన్న భాగాన్ని కూడా ఇన్‌స్పెక్టర్ చూసి చిన్న కిరీటం, దాని కింద తన అంకె, ఆ కింద ఫ్యాక్టరీ అక్షరం కొట్టేవాడు. ఎన్‌ఫీల్డ్‌కు ఆ అక్షరం ఇ. బ్యారెల్ (గొట్టం), రిసీవర్ (బోల్ట్ ఇమిడే తుపాకి ఒళ్లు), బోల్ట్ కలిపి బిగించాక మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా పేల్చి, తట్టుకుంటే వాటి మీద ప్రూఫ్ ముద్ర వేసేవారు. తర్వాత సీరియల్ నంబరు రిసీవర్ మీద, బ్యారెల్ వెనక మందపాటి భాగం మీద, బోల్ట్ పిడికి వెనక, ముందు కొసన ఉండే నోస్ క్యాప్ మీద, చెక్క ముందుభాగం అడుగున, గురి చూసే వెనక సైట్ ఆకు కింద పడేది. ప్రభుత్వ సొత్తు అని చెప్పడానికి బాణం గుర్తు ఉంటుంది. సర్వీసు నుంచి తీసి అమ్మేస్తే రెండు బాణాలు మొన మొన తాకేలా ఎదురెదురుగా వేసేవారు.

ఈ వరస తెలిస్తే లేనిది కూడా మాట్లాడుతుంది. బి.ఎస్.ఎ. (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్) కంపెనీ బయటి మార్కెట్‌కు అమ్మిన రైఫిళ్ల మీద కిరీటం ఉండి, రాజు పేరు అక్షరాలు ఉండవు. అవి ప్రభుత్వ సొత్తు కావు గనక. అది తెలియని ఉత్సాహవంతుడు ఎవరైనా ఖాళీగా ఉన్న ఆ చోట జి.ఆర్. కొట్టిస్తే, సైనిక ప్రూఫ్ ముద్రలు, ఇన్‌స్పెక్టర్ల కిరీటాలు లేని తుపాకి మీద రాజముద్ర ఒక్కటే ఒంటరిగా నిలబడి పోతుంది. ముద్రలు గుంపుగా తిరుగుతాయి. ఒకటే ఉందంటే అనుమానించాలి.

తేదీలతో మరింత జాగ్రత్త అవసరం. సాకెట్ మీది సంవత్సరం రిసీవర్‌ది. బ్యారెల్‌కు ఎడమవైపు విడిగా రెండంకెల సంవత్సరం ఉంటుంది. సాకెట్ మీద 1912, బ్యారెల్ మీద 18 ఉంటే భయపడాల్సింది ఏమీ లేదు. యుద్ధంలో బ్యారెళ్లు అరిగిపోతాయి, మారుస్తారు. అదే బ్యారెల్ మీద హెచ్.వి. అని ఉంటే, సైట్‌ను మార్క్ 7 తూటాకు సర్దారని అర్థం. ఆ తూటా వచ్చింది 1910లో. 1908 రైఫిల్ మీద హెచ్.వి. ఉన్నా తప్పు కాదు, తర్వాత మార్చారంతే. మార్క్ అంకె మూడు పక్కన నక్షత్రం ఉంటే, యుద్ధకాలంలో పని తొందరగా సాగాలని మ్యాగజైన్‌లోని తూటాలను ఆపే కటాఫ్ పలకనూ, చాలా దూరం గురి చూసే వాలీ సైట్లనూ వదిలేసిన మోడల్. కానీ నక్షత్రం ఉన్న చాలా రైఫిళ్లలో కటాఫ్ కోసం చేసిన గాడి అలాగే ఉంటుంది. నియమం పుస్తకంలో మారినంత తొందరగా ఫ్యాక్టరీ గదిలో మారదు. కాబట్టి పుస్తకం ఒక్కటే పట్టుకుని అసలు తుపాకులను నకిలీ అని తోసేసే ప్రమాదం కూడా తక్కువేం కాదు.

ఇషాపూర్ సంగతి మనకు దగ్గరిది. బెంగాల్‌లోని ఆ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన త్రీనాట్‌త్రీల మీద జి.ఆర్. బదులు జి.ఆర్.ఐ. ఉంటుంది. ఆ చివరి ఐ చక్రవర్తి హోదాను చెప్పేది. భారత చక్రవర్తి అన్న బిరుదును బ్రిటిష్ రాజు 1948 జూన్‌లో వదులుకున్నాడు. గణతంత్రం వచ్చాక కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి. కనుక 1943 ఇషాపూర్ రిసీవర్ మీద జి.ఆర్.ఐ. ఉండి, దానికి సింహాల ముద్ర ఉన్న బోల్ట్ కనిపిస్తే అది దశాబ్దాలు సర్వీసులో నలిగిన తుపాకి అని అర్థం. అదే 1960ల రిసీవర్ మీద కిరీటం కనిపిస్తే మాత్రం ఆగి చూడాల్సిందే.

ఆస్ట్రేలియాలోని లిత్‌గో రైఫిళ్ల భాగాల మీద ఎం.ఎ., ఓ.ఎ., బి.ఎ. లాంటి అక్షరాలు కనిపిస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఆరెంజ్, బాథర్స్ట్ ఊళ్లలో పెట్టిన అనుబంధ ఫ్యాక్టరీలవి ఓ.ఎ., బి.ఎ. తెలియని కంటికి అవి దొంగ ముద్రల్లా అనిపిస్తాయి. తెలిసినవాళ్లకు మాత్రం, 1915లో టర్కీలోని గల్లిపోలి యుద్ధంలో వాడిన రైఫిల్ అని చెప్పి చూపిస్తున్న దానిలో ఓ.ఎ. బోల్ట్ ఉంటే ఆ కథలో ఏ భాగం కత్తిరించాలో వెంటనే తెలుస్తుంది.

గీత అడుగున ఏముంది

చరిత్ర లెక్క సరిపోయాక అసలు పరీక్ష లోహం మీద. దీనికి పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న లూప్, పక్క నుంచి వాలుగా పడే వెలుతురు చాలు. ఎదురు వెలుతురులో ముద్ర అక్షరంలా కనిపిస్తుంది. వాలు వెలుతురులో అదే ఒక గుంటలా, గట్లున్న కాలువలా కనిపిస్తుంది. చూడాల్సింది ఆ కాలువనే.

పంచ్‌ను సుత్తితో కొట్టినప్పుడు లోహం ఎక్కడికీ పోదు, పక్కకు జరుగుతుంది. అందుకే ప్రతి గీతకూ రెండు వైపులా సన్నని గట్టు లేస్తుంది. ఫ్యాక్టరీలో ముద్ర పడ్డాక ఆ భాగాన్ని పాలిష్ చేస్తే గట్టు అరిగిపోయి, అంచు పదునుగా, ఉపరితలంతో సమంగా ఉంటుంది. ఆ తర్వాత నల్లరంగు పట్టిస్తారు కాబట్టి గీత లోపలా, బయటా రంగు ఒకటే. వందేళ్ల తర్వాత కొట్టిన ముద్రకు ఈ వరస తిరగబడుతుంది. రంగు ముందు, దెబ్బ తర్వాత. గట్టు తాజాగా ఉంటుంది, అడుగున ఇనుము తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు దాచడానికి వేడి అక్కర్లేకుండా నలుపెక్కించే కోల్డ్ బ్లూ రసాయనం పూస్తే, పాత ఆక్సైడ్ నలుపుతో కలవని కొత్త రంగు తేలుతుంది. కొన్నిసార్లు రాగి ఛాయ కూడా కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గట్టు కనిపిస్తే నకిలీ అని తీర్పు చెప్పేస్తారు. కొన్ని ఇన్‌స్పెక్టర్ ముద్రలు, మరమ్మతు ముద్రలు, సొత్తు అమ్మేసేటప్పుడు వేసిన ముద్రలు రంగు పట్టించాకే పడేవి. వాటికి గట్టు సహజం. అందుకే ఈ ముద్ర తయారీలో ఏ దశలో పడాలి అన్నది ముందు తెలియాలి. ఆ దశకు తగ్గ ఆనవాళ్లు ఉన్నాయా అన్నది తర్వాత చూడాలి.

రంగు కంటే నమ్మదగిన సాక్షి తుప్పు. తుప్పు తిన్న చోట ఇనుము మీద సూది గుంటలు పడతాయి. ఒక గుంట, ఒక గీత ఒకదాన్నొకటి దాటే చోటు వెతికి అక్కడ ఆగాలి. ముద్ర ముందు, తుప్పు తర్వాత అయితే గుంట గీత అంచును కొరికేస్తుంది. అంచు అక్కడ తెగి, పళ్లూడినట్టు కనిపిస్తుంది. తుప్పు ముందు, ముద్ర తర్వాత అయితే పంచ్ దెబ్బకు గుంట నలిగి, గీత అడుగున చదునుగా అణిగి ఉంటుంది. గీత అంచు మాత్రం గుంట మీదుగా నిటారుగా సాగిపోతుంది. ఒక్క చోట ఇలా దొరికినా ఏది ముందు, ఏది వెనక అన్నది తేలుతుంది. నకిలీగాళ్లు రంగు కలపగలరు, మరకలు పెట్టగలరు, యాసిడ్‌తో పైపైన తుప్పు పుట్టించగలరు. కానీ ఇరవై గీతలకూ ముప్ఫై గుంటలకూ మధ్య ఈ ముందువెనకలను అన్ని చోట్లా సరిగ్గా పేర్చడం చాలా కష్టం.

మరమీద చెక్కిన అక్షరం ఇంకోరకం. దానిలో లోహం జరగదు, తురుముగా బయటికి పోతుంది. గట్టు ఉండదు, లోతు అంతా ఒకేలా ఉంటుంది, గీతల కొసలు గుండ్రంగా తిరుగుతాయి, అడుగున కట్టర్ తిరిగిన చారలు కనిపిస్తాయి. 1916 నాటిదని చెప్పే సాకెట్ ముద్రలో ఇది కనిపిస్తే కథ అక్కడితో ముగిసినట్టే. అలాగని చెక్కినవీ, గీకినవీ అన్నీ నకిలీలు కావు. కుర్రాడు మేకుతో గీసినట్టుండే వంకర టింకర ఎలక్ట్రిక్ పెన్సిల్ (లోహం మీద విద్యుత్తుతో రాసే పనిముట్టు) రాతలు చూసి కొత్తవాళ్లు మొహం తిప్పుకుంటారు. నిజానికి రెండో యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లోని ఫజాకర్లీ ఫ్యాక్టరీ, లీ-ఎన్‌ఫీల్డ్‌లో తర్వాతి మోడల్ అయిన నంబర్ 4 రైఫిళ్ల మీద మార్క్ పేరు రాసింది అలాగే. పూర్తి మరమ్మతు అని చెప్పే ఎఫ్.టి.ఆర్. గుర్తు కూడా తరచూ ఆ పెన్సిల్‌తోనే ఉంటుంది. అందవికారం ఇక్కడ అసలుతనానికి అడ్డం కాదు. ఇంకా చెప్పాలంటే, ఈ మోడళ్ల మీద చక్కగా పంచ్ చేసిన అందమైన అక్షరాలు ఉంటేనే టెన్షన్ పడాలి.

ఆకురాయితో పాత ముద్ర అరగదీసి కొత్తది వేసిన కేసుల్లో ముందు వేలితో తడమాలి. చదునుగా ఉండాల్సిన చోట చిన్న పల్లం ఉంటుంది. వాలు వెలుతురులో ఆ పల్లం నీడగా కనిపిస్తుంది. కంటికి కనిపించని దానికి రసాయనం ఉంది. పంచ్ దెబ్బ గీత అడుగుతో ఆగదు. దాని కింద కొంత లోతు వరకు లోహపు స్ఫటికాలు నలిగి, చుట్టుపక్కల లోహం కంటే భిన్నంగా మారిపోతాయి. పైన గీతను అరగదీసినా ఆ నలిగిన పొర మిగిలుంటే, క్యుప్రిక్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ఫ్రై ద్రావకం రుద్దినప్పుడు అక్కడ తేడాగా కరిగి, పోయిన అంకె నీడలా పైకి తేలుతుంది. దొంగ వాహనాల ఛాసిస్ నంబర్లను తిరిగి రాబట్టడానికి హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ లాంటి చోట్ల వాడే సూత్రమూ ఇదే. అయితే ఇది పోలీసు కేసుల పద్ధతి. కలెక్షన్‌లోని వస్తువు మీద ఆమ్లం రుద్దితే నిజం తెలిసినా వస్తువు చెడుతుంది. మ్యూజియాలు అందుకే దాని జోలికి పోవు.

నంబర్లన్నీ కలిస్తే

బ్యారెల్, రిసీవర్, బోల్ట్, నోస్ క్యాప్ అన్నిటి మీదా ఒకే సీరియల్ ఉన్న రైఫిల్‌కు ధర ఎక్కువ. అందుకే ఎక్కువ తప్పుడు పని జరిగేది బోల్ట్ పిడికి మీద. సైన్యంలో కూడా బోల్ట్ నంబర్లు మార్చేవారు. కానీ మార్చిన తీరు దాచుకునేవారు కాదు. పాత నంబరు మీద అడ్డగీత కొట్టి, పక్కన కొత్తది వేసేవారు. అలాంటి బోల్ట్ మీద రెండు చరిత్రలూ చదవొచ్చు. అమ్మకం కోసం నంబరు కలిపేవాడికి పాత నంబరు కనిపించడమే ఇబ్బంది. కాబట్టి దాన్ని అరగదీస్తాడు. ఇలా బలవంతంగా జతకలిపిన బోల్ట్ పిడి వెనక భాగం పల్చబడి ఉంటుంది, అంకెలు రిసీవర్ మీది అంకెలతో పోలవు. 4 మూసుకుని ఉందా, తెరుచుకుని ఉందా, 7 అడ్డగీత ఎంత పొడవు, 1కి పాదం ఉందా వంటి వివరాలు ఫ్యాక్టరీని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. ఒకే పంచ్ సెట్టుతో కొట్టిన అంకెల్లో ఒకే లోపం తిరిగి తిరిగి కనిపిస్తుంది. 3 కొస విరిగిన పంచ్ అయితే ఆ రోజు కొట్టిన ప్రతి 3కీ కొస విరిగే ఉంటుంది. దగ్గరి సీరియల్ నంబర్లున్న అనుమానం లేని రైఫిళ్ల ఫోటోలు పక్కన పెట్టుకుని పోల్చడం కంటే మంచి పద్ధతి ఇంకా రాలేదు.

జర్మన్ కె98కె మౌజర్లలో ఈ ఆట ఇంకా ముదిరింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ ఆయుధాలకు హద్దు పెట్టిన వెర్సాయ్ ఒప్పందాన్ని దాటి ఆయుధాలు పెంచుకుంటున్న రోజుల్లో తయారీదారు పేరు దాచడానికి 1934 నుంచి కోడ్లు వాడారు. ఓబర్న్‌డోర్ఫ్ మౌజర్ ఫ్యాక్టరీకి ఎస్/42, పక్కన కె అంటే 1934, జి అంటే 1935. 1941 నుంచి బి.వై.ఎఫ్., 1945లో ఎస్.వి.డబ్ల్యు. వీటికి తోడు గద్ద బొమ్మ కింద ఇన్‌స్పెక్షన్ కార్యాలయం నంబరు. యుద్ధం చివరి ఏళ్లలో ఓబర్న్‌డోర్ఫ్ రైఫిళ్ల మీద 135 అని ఉంటుంది. బి.వై.ఎఫ్. 44 రిసీవర్ మీద వేరే ఫ్యాక్టరీ నంబరు గద్దలు కనిపిస్తే, ఆ భాగం బయట నుంచి వచ్చిందా, ముద్ర బయట నుంచి వచ్చిందా అని అడగాలి. రష్యన్లు పట్టుకున్న వేలాది మౌజర్లను విప్పి, శుభ్రం చేసి, దొరికిన భాగాలతో మళ్లీ బిగించి, బోల్ట్ మీద రిసీవర్ నంబరును ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీశారు. అది సోవియట్ గోదాము చేసిన నికార్సయిన పని. దాన్ని చెరిపి, జర్మన్ తరహా అంకెలు కొట్టి, నార్మండీలో దొరికిందని అమ్మితే నేరం. ఇజ్రాయెల్ సైన్యం వాడిన కొన్ని మౌజర్ల మీద నాజీ గద్ద, దావీదు నక్షత్రం రెండూ ఉంటాయి. తర్వాత వేరే తూటాకు మార్చినప్పుడు పెద్దగా వేసిన 7.62 కూడా ఉంటుంది. ఆ మూడింటిలో దేన్ని చెరిపినా ఆ తుపాకి విలువ పోతుందనే చెప్పాలి.

నకిలీ ముద్రకు బాగా డబ్బు వచ్చే చోటు స్నైపర్ రైఫిల్. నంబర్ 4 మార్క్ 1 (టి) అని పిలిచే బ్రిటిష్ స్నైపర్లు మామూలు రైఫిళ్లుగానే పుట్టాయి. గురి బాగా కుదిరిన వాటిని ఏరి, లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ తుపాకుల కంపెనీకి పంపితే వాళ్లు టెలిస్కోపు బిగించారు. యుద్ధకాలంలో అలా 20,000కు పైగా తయారయ్యాయి. రిసీవర్ ఎడమ పక్కన టి, చాలా వాటికి బట్ సాకెట్ మీద టి.ఆర్., బట్ అడుగున హాలండ్ కోడ్ ఎస్51 ఉంటాయి. ఒక్క టి అక్షరం ధరను ఎన్నో రెట్లు చేస్తుంది కాబట్టి ఆ టి ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. కానీ ఆ తుపాకి మీద ముద్రలన్నీ ఒకదానికొకటి కాపలా. టెలిస్కోపు నంబరు బట్ సన్నగా ఉండే మెడ దగ్గర చెక్క మీద కొట్టి ఉంటుంది. రైఫిల్ నంబరు టెలిస్కోపు బ్రాకెట్ మీద ఉంటుంది. టెలిస్కోపు కూర్చునే ఉక్కు దిమ్మెలను స్క్రూలతో బిగించి, అవి కదలకుండా తలల దగ్గర పంచ్‌తో కొట్టి బంధించేవారు. బట్ మెడ మీద వేలి చెమట, మట్టి పట్టి నల్లబడ్డ చెక్కలో అంకెలు మాత్రం తాజాగా తెల్లగా ఉంటే, దిమ్మెల స్క్రూలు కొత్త స్క్రూడ్రైవర్ తగిలినట్టు మెరుస్తుంటే, టి ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

జంగిల్ కార్బైన్ అనే పొట్టి రైఫిల్ నంబర్ 5 విషయంలో ముద్ర కంటే ఆకారమే ఎక్కువ చెబుతుంది. అసలైనవి ఫజాకర్లీలో, షిర్లీలోని బి.ఎస్.ఎ.లో 1944 నుంచి 1947 వరకు మాత్రమే తయారయ్యాయి. బరువు తగ్గించడానికి రిసీవర్ మీద, బ్యారెల్ మందపాటి భాగం మీద లోహాన్ని తొలిచి తీసేశారు. మామూలు నంబర్ 4ను కోసి పొట్టి చేసి, ముందు గరాటు తగిలించినవాళ్లు తుపాకి పేరు మారుస్తారు గానీ ఆ తొలుపుడు జోలికి పోరు. అమెరికా మార్కెట్లో ఇషాపూర్ 2ఎ1 రైఫిళ్లను కూడా ఇలా కోసి జంగిల్ కార్బైన్ రూపంలో అమ్మారు. 2ఎ1 త్రీనాట్‌త్రీ కానే కాదు. 1960ల్లో 7.62 మి.మీ. తూటా కోసం ఇషాపూర్‌లో కొత్తగా తయారైన రైఫిల్. సాకెట్ మీద ఆ సంగతి స్పష్టంగా రాసే ఉంటుంది. వెనక సైట్ కూడా 800 మీటర్ల దగ్గరే ఆగుతుంది.

చెక్క మీది ముద్రల గురించి, బట్‌కు బిగించే ఇత్తడి బిళ్లల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. బిళ్ల ఒక్క స్క్రూతో ఊడుతుంది, ఏ రెజిమెంటు పేరుదైనా తెచ్చి బిగించొచ్చు. అమెరికన్ ఎం1 గారాండ్ రైఫిల్ బట్‌ల మీద వేసే, పెట్టె గీత లోపలి ఇన్‌స్పెక్టర్ ముద్రల అచ్చులు, పునరుద్ధరణ కోసం అని చెప్పి బాహాటంగానే అమ్ముతారు. ఈ రెంటినీ బలపరిచే సాక్ష్యంగా తీసుకోవచ్చు గానీ, వాటినే ఆధారం చేసుకోకూడదు.

కథలను పడగొట్టేవి మాత్రం అమ్మకం ముద్రలు. బ్రిటన్‌లో సైనిక మిగులు తుపాకిని బయటి వ్యక్తికి అమ్మాలంటే తుపాకులను పరీక్షించే లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర పడాలి. బ్యారెల్ మీద చదరపు అంగుళానికి ఇన్ని టన్నులు అని సన్నగా ఉండే రాత అదే. అమెరికాకు ఎగుమతైన వాటి మీద ఇంగ్లండ్ అని అచ్చు ఉంటుంది. 1980ల తర్వాత వచ్చిన వాటి మీద దిగుమతి కంపెనీ పేరు ఉంటుంది. ఈ మూడింట్లో ఏది ఉన్నా, తాతగారు యుద్ధం నుంచి నేరుగా సంచిలో పెట్టుకుని తెచ్చారన్న మాట చెల్లదు. అందుకే కొత్త ముద్రలు వేసేవాళ్లే కాదు, ఈ పాత ముద్రలు చెరిపేవాళ్లూ ఉంటారు. బ్యారెల్ అడుగున, మూతి దగ్గర రంగు తేడాగా ఉన్న చిన్న మచ్చ ఏదైనా కనిపిస్తే అక్కడ ఏ కంపెనీ పేరు ఉండేదో ఆలోచించాలి.

డి.పి. అనే రెండక్షరాలది వేరే సంగతి. కవాతుకు తప్ప కాల్చడానికి పనికిరాదని బ్యారెల్, రిసీవర్, బోల్ట్, చెక్క అన్నిటి మీదా వేసే గుర్తు ఇది. ఇక్కడ నకిలీ అంటే ముద్ర లేకపోవడం. ఎవరో దాన్ని వెల్డింగ్‌తో పూడ్చి సానబెట్టి ఉంటే, పోయేది డబ్బు ఒక్కటే కాకపోవచ్చు. దర్రా కాపీలతోనూ ఇదే చిక్కు. వాటి ఉక్కు గుణం ఎవరూ పరీక్షించి ప్రూఫ్ వేసింది కాదు. మీద ఉన్న ప్రూఫ్ గుర్తు కూడా బొమ్మే.

మన దేశంలో ఈ చర్చకు ఇంకో కోణం ఉంది. త్రీనాట్‌త్రీ ఇక్కడ ప్రొహిబిటెడ్ బోర్, సామాన్యుల చేతికి రాదు. దశాబ్దాల పాటు అది మన పోలీసు స్టేషన్ల గోడకు వేలాడిన తుపాకి. ఇళ్లలో లైసెన్సు మీద ఉండేది ఎక్కువగా దాని బోల్ట్ పద్ధతిలోనే చేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్. అది పాత బి.ఎస్.ఎ.దైనా, ఇషాపూర్‌దైనా కావచ్చు. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం తుపాకి మీది పేరు, నంబరు, గుర్తు చెరపడం, మార్చడం, నకిలీది వేయడం నేరం. చెరిగిన నంబరుతో తుపాకి ఎవరి దగ్గర దొరికితే వాళ్లే చెరిపారని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. కాబట్టి తండ్రి పేరు మీద ఉన్న పాత రైఫిల్‌ను లైసెన్సు మార్పిడికి ముందు మెరుగు పెట్టిద్దామని పాలిష్‌కు ఇచ్చే కుటుంబాలు ఒక్క విషయం చూసుకోవాలి. బఫింగ్ చక్రం కింద సీరియల్ అంకెలు ఇట్టే పల్చబడతాయి. మసకబారిన అంకెలు బాగా కనిపించాలని దుకాణంలో మళ్లీ పంచ్ కొట్టించడం అంతకంటే చిక్కు. అంకె సరిగ్గానే ఉన్నా, అది తర్వాత కొట్టిందని లూప్ కింద తెలిసిపోతుంది. పనికి ఇచ్చే ముందే నంబరు ఉన్న చోటుకు వాలు వెలుతురులో ఫోటో తీసి, లైసెన్సు పుస్తకంలోని నంబరుతో అంకె అంకె పోల్చి చూసుకుని, ఆ చోటిని ముట్టుకోవద్దని దుకాణంవాడికి రాతపూర్వకంగా చెప్పడం మంచిది.